వంత

ఆదోనిలో పత్తి యార్డుకి ఎదురుగా నా అంగడి.
జనవరిలో లాప్‌టాప్ ఫ్యాను విప్పితే
దిండుకి సరిపడా దూది వస్తాది.

ఉరుకుందప్ప పెన్‌డ్రైవుని తువ్వాలు కొసకి ముడేసి తెచ్చినాడు,
తాయెత్తు మాదిరి.
"నాలుగంగళ్లు తిరిగినా ప్పా.
అందరూ ఖాళీ అంటారు.
ఒకడైతే తుడిచేద్దునా అన్నాడు."

పెడితే నాకూ అదే మాట చెప్పింది తెర:
ఇందులో నేను చదివేది ఏమీ లేదు,
ఫార్మాట్ చేసేదా?
చెయ్ అనే గడి మీద అప్పటికే వెలుగు నిలబడి ఉంది.
ఎంత మర్యాదగా అడుగుతాదో
ఇల్లు కూలగొట్టేదానికి.

ఆపి మళ్లీ ఆన్ చేసినా.
నల్ల తెర. రెండు పేర్లు. పది, తొమ్మిది, ఎనిమిది...
"ఏమడుగుతాంది?"
"ఏ ఇంట్లోకి పోవాల అని."
"ఓరి నీ పాసుగూల! రెండు కొంపలా నీకి?"

ఒక కొంపలో బిల్లులు, ఆధార్ ప్రింట్లు, పొలం కాగితాలు.
రెండోది నా సొంతం. ఊరికే వచ్చింది, ఎవనికీ బాకీ లేదు.
రెండో ఇంటి కిటికీలోంచి మొదటిల్లు బాగా కనపడతాది.
మొదటింటి నుంచి చూస్తే
ఈడొక ఇల్లున్నట్టే తెలీదు.
మా ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు,
సిరుగుప్ప బేరమొస్తే కన్నడ.
నాకు మటుకు నడమ పది సెకండ్లు ఎవరిస్తారు?

తెరుచుకుంది.
పన్నెండు పాటలు.
ఎవరో కాలేజీ పిల్లోడు పీర్ల పండక్కి వాళ్లూరొచ్చి
అలాయి గుంత కాడ మైకు పట్టుకోని తెల్లార్లూ కూచున్నాడంట.
వాని లాప్‌టాపూ నా రెండో కొంప జాతిదే కాబోలు.
ఏమీ కొయ్యకుండా పట్టిన వేవ్ ఫైళ్లు,
ఒక్కోటి డెబ్బై ఎంబీ.
ఉరుకుందప్పది బటన్ల ఫోను. కార్డులో జాగా నూటిరవై.

"ఎంపీత్రీ చేస్తా పెద్దాయనా, అన్నీ పడతాయి."
"చేస్తే ఏమైతాది?"
"పెద్ద సద్దు ఎనకాల చిన్న సద్దుంటాది చూడు,
ఎట్లా ఎవరికీ వినపడదు కదా అని దాన్ని తీసేస్తాది.
జొన్నలు చెరిగినట్ల. పొట్టు పోతాది, గింజుంటాది."

ఆయన తువ్వాలు మడిచినాడు, విప్పినాడు.
"తప్పెట ఎనకాల,
ముందర పాడే నాగేంద్రప్ప ఎనకాల,
ఇంగా పదిమంది ఎనకాల
నేనుండా ప్పా."

నలభై ఏండ్లు వంత పాడినాడంట.
ముందరికి రమ్మని ఎవరూ అనలేదు.
ఈయనా పోతానని అనలేదు.

చేసి వినిపిచ్చినా.
నూటిరవై ఎనిమిదిలో: తల అడ్డంగా ఊపినాడు.
మూడు వందల ఇరవైలో:
హెడ్‌ఫోను రెండు చేతుల్తో అదుముకోని శానాసేపు విని, "ఏమో."
అసలుది పెట్టినా.
మూడో నిమిషంలో వేలు పైకి లేచింది.
"ఇదో. ఈడ. ఈడ!"
నా చెవికి పెట్టినాడు.
తప్పెట. నాగేంద్రప్ప. ఎవరో దగ్గినారు.
"వినపడిందా?"
"ఇంగోసారి పెట్టనా?" అన్నా నేను.

ఒక్క పాటే ఎక్కించుకున్నాడు, డెబ్బై ఎంబీది.
పది రూపాయలకి చిల్లర లేదని
దోసెడు బుడ్డలు గల్లా మీద పోసి పాయె.

కడమ పదకొండూ నా కాడుండాయి.
రాత్రి షట్టరు సగం దించి
రెండో కొంపలో కూచోని ఒక్కోటి వింటా, వెతుకుతా.
బుడ్డలైపోయినాయి.
ఆయన ఇంగా దొరకలేదు.

పొద్దున వంద పాటలు యాభైకి లెక్కన
పిలకాయల కార్డుల్లోకి ఎక్కిస్తా
చెయ్యి ఆగుతాది ఒక్కోసారి.
దీంట్లో పొట్టు కింద పోయినోడు
ఏ ఊరోడో.